జపాన్ వేసవి పండుగకి మొదటిసారి వెళ్తున్నారా? యుకాతా కట్టడం నుంచి రామునె సోడా సీసా తెరవడం దాకా

జూన్ నెలాఖరు వచ్చిందంటే చాలు, కొత్తగా జపాన్ వచ్చిన మనవాళ్ల దగ్గర్నుంచి నాకు అవే ప్రశ్నలు. యుకాతా (వేసవిలో కట్టుకునే పలచటి కిమోనో) ఎలా కట్టుకోవాలి? శాకాహారులకి అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా? పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? కియోటో గియోన్ పండుగకి ఏ రోజు వెళ్తే బాగుంటుంది? ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేనుండేది ఒసాకా దగ్గర కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా కియోటో, ఒసాకావే ఉంటాయి. టోక్యోలో ఉన్నా ఫుకుఓకాలో ఉన్నా పద్ధతి మాత్రం ఇదే.

ఈ వేసవి పండుగల్ని ఇక్కడ నత్సు మత్సురి అంటారు. నత్సు అంటే వేసవి, మత్సురి అంటే పండుగ. నన్నడిగితే జాతర అన్న మాటే సరిగ్గా సరిపోతుంది. ఏడాదికోసారి దేవుడు గుడి దాటి వీధిలోకి వస్తాడు, పల్లకీ మోస్తారు, డప్పులు, వేణువులు, కాగితపు లాంతర్లు, దారి పొడవునా తినుబండారాల కొట్లు. మనవాళ్లు చాలామంది ఆ కొట్ల దాకా వెళ్లి, ఏదో ఒకటి తిని, ఫొటోలు దిగి వచ్చేస్తారు. జాతరకి వెళ్లి రంగులరాట్నం ఎక్కి, అమ్మవారిని చూడకుండానే ఇంటికొచ్చేసినట్టు అన్నమాట. అలా జరగకుండా ఉండాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- చిల్లర: 100 యెన్లు, 500 యెన్ల నాణేలు, కొన్ని 1,000 యెన్ల నోట్లు. ఫోన్ పేమెంట్ తీసుకునే కొట్లు పెరుగుతున్నాయి కానీ దాన్ని నమ్ముకుని వెళ్లొద్దు. తినడానికీ ఒకటి రెండు ఆటలకీ కలిపి మనిషికి 3,000 యెన్లు ఉంటే చేయి బిగపట్టక్కర్లేదు.
- చెత్త కోసం రెండు ప్లాస్టిక్ సంచులు. చెత్తబుట్టలు దొరకవు, దొరికినా నిండిపోయి ఉంటాయి.
- తడి టిష్యూలు, చిన్న తువ్వాలు, విసనకర్ర.
- మనిషికి కనీసం ఒక లీటరు నీళ్లు లేదా ముగిచా అనే చల్లటి బార్లీ టీ, కొన్ని ఉప్పు బిళ్లలు. కియోటోలో జులైలో 35 డిగ్రీలు దాటడం మామూలే. ఎండ మనకి కొత్త కాదు కానీ ఇక్కడి ఉక్కపోత విజయవాడ మే నెలని గుర్తుచేస్తుంది.
- బ్యాండ్ ఎయిడ్లు. ఎందుకో యుకాతా దగ్గర చెప్తాను.
- డబ్బు నింపి ఉంచిన రైలు కార్డు. తిరుగు ప్రయాణంలో కార్డు నింపే మిషన్ దగ్గరే అరగంట పోతుంది.
- పలచటి రెయిన్‌కోటు. జనంలో గొడుగు తెరిస్తే పక్కవాళ్ల కళ్లకి తగులుతుంది, కాబట్టి గొడుగు వద్దు.

1. ఏ పండుగకి, ఏ రోజు

మొదటిసారైతే పెద్ద పండుగకి వెళ్లొద్దు. మీ పేటలో ఉన్న చిన్న గుడి పండుగకి వెళ్లండి. జులై, ఆగస్టుల్లో దాదాపు ప్రతి పేటలోనూ ఒకటి జరుగుతుంది. వార్డు ఆఫీసు బోర్డు మీద, స్టేషన్లో, సూపర్‌మార్కెట్ గోడ మీద పోస్టర్ అంటిస్తారు. ఇరవై ముప్పై కొట్లు, తెలిసిన ముఖాలు, పిల్లలు తప్పిపోతారన్న టెన్షన్ ఉండదు.

పెద్దది చూడాలనుకుంటే నా ఓటు కియోటోలోని గియోన్ మత్సురికే. జులై నెలంతా జరుగుతుంది, యసాకా గుడి పండుగ. 869లో అంటువ్యాధి ప్రబలినప్పుడు, ఆనాటి 66 రాష్ట్రాలకి గుర్తుగా 66 ఈటెలు నిలబెట్టి దేవుణ్ణి వేడుకోవడంతో మొదలైందని చెప్తారు. హైదరాబాద్ వాళ్లకి ఇది వినగానే బోనాలు గుర్తొస్తాయి. 1813లో మహమ్మారి వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనికులు మహంకాళికి మొక్కుకున్నారనే కథ కూడా ఇలాంటిదే, రెండూ జరిగేది కూడా ఇంచుమించు అదే నెలలో. ఇంకో విషయం, గియోన్ అన్న పేరు మన దేశం నుంచి వెళ్లిందే. శ్రావస్తిలో బుద్ధుడు ఉన్న జేతవనానికి జపనీస్‌లో గియోన్ షోజా అని పేరు.

రోజుల విషయంలోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. ఇలా గుర్తుపెట్టుకోండి. పెద్ద రథాల ఊరేగింపు జులై 17 ఉదయం 9 గంటలకి మొదలవుతుంది, 23 రథాలు. రెండో ఊరేగింపు 24న, 11 రథాలు. రాత్రి పూట లాంతర్లు వెలిగించిన రథాలు చూడాలంటే 14, 15, 16 తేదీల సాయంత్రాలు. షిజో వీధిలో వాహనాలు ఆపేసి తిండి కొట్లు పెట్టేది 15, 16 రాత్రుళ్లు మాత్రమే. 21 నుంచి 23 దాకా కూడా రథాలు వెలుగుతాయి కానీ ఆ కొట్లు ఉండవు. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇల్లయితే నేను 22 సాయంత్రం వెళ్లమంటాను. తిండి ఇంట్లో తినేసి వెళ్లినా నష్టం లేదు, రథం మీద నేసిన తెరలూ చెక్కడాలూ దగ్గర్నుంచి నెమ్మదిగా చూడొచ్చు.

నీళ్ల మీద పండుగ కావాలంటే ఒసాకాలో తెన్‌జిన్ మత్సురి, జులై 24, 25. రెండో రోజు సాయంత్రం నది మీద పడవల ఊరేగింపు, బాణసంచా. అంతా ఒకే చోట కాబట్టి జనం కూడా అంతే ఉంటారు.

2. యుకాతా కట్టుకోవడం

యుకాతా తప్పనిసరి కాదు. మామూలు బట్టల్లో వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. కానీ కట్టుకుంటే ఆ సాయంత్రం తీరే వేరు, మనం కట్టుకున్నామని పక్కింటి పెద్దావిడ ఎంత సంతోషపడుతుందో చెప్పలేను. కావాల్సినవి: యుకాతా, నడుముకి కట్టే వెడల్పాటి ఒబి పట్టీ, లోపల బిగించడానికి రెండు సన్నటి తాళ్లు, కాళ్లకి గెటా చెప్పులు. లోపల మెడ వెడల్పుగా ఉన్న పలచటి బనియను, లెగ్గింగ్. కొత్తవాళ్లు ముందే ముడి కుట్టేసిన ఒబి కొనుక్కోండి. వెనక తగిలించుకుంటే సరిపోతుంది, చూసేవాళ్లకి తేడా తెలియదు.

ఆడవాళ్లకి:

అ. యుకాతా భుజాల మీద వేసుకుని వీపు మధ్య కుట్టు వెన్నెముక మీదికి వచ్చేలా సర్దుకోండి. రెండు అంచులూ ముందుకి లాగి పొడవు సమంగా ఉందో లేదో చూడండి.

ఆ. కింది అంచు చీలమండ దాకా వచ్చేటట్టు గుడ్డని పైకెత్తండి. చీర కుచ్చిళ్లు దోపేముందు పొడవు చూసుకున్నట్టే. ఇక్కడ తప్పితే చివరిదాకా తప్పే.

ఇ. ముందు కుడివైపు పల్లవం (ముందుకి వచ్చే గుడ్డ భాగం) లోపలికి చుట్టండి, దాని కింది కొస ఓ 10 సెంటీమీటర్లు పైకి లేపండి. దాని మీద ఎడమవైపు పల్లవం కప్పండి. తాడుతో నడుము దగ్గర గట్టిగా బిగించండి.

ఈ. చంకల కింద తెరిచి ఉన్న చోటు నుంచి చేతులు లోపలికి పెట్టి, మిగిలిన గుడ్డని ముందూ వెనకా కిందికి నున్నగా దింపండి. నడుము మీద ఒక మడతలా వేలాడుతుంది. అది ఉండాల్సిందే, కుట్టేయకండి.

ఉ. మెడ వెనక ఒక పిడికిలి పట్టేంత ఖాళీ వదిలి, ముందు మెడ గుంత దగ్గర అంచులు కలిసేలా సర్ది రెండో తాడు రొమ్ము కింద కట్టండి. దాని మీద ఒబి. ముడి ముందు వేసుకుని వెనక్కి తిప్పేటట్టయితే కుడివైపుకే తిప్పండి. ఎడమవైపుకి తిప్పితే పైన ఉన్న పల్లవం లాగేసుకుని అంతా చెదిరిపోతుంది.

మగవాళ్లకి ఇదంతా లేదు. మడత ఉండదు కాబట్టి యుకాతా మీ ఎత్తుకి సరిపోయేదే కొనాలి. మెడ వెనక ఖాళీ వదలొద్దు, ఒబి పొట్ట కింద తుంటి ఎముకల మీద కూర్చోవాలి. లుంగీ కట్టే అలవాటున్నవాళ్లకి ఆ చోటు చేతికే తెలుస్తుంది. నడుము పైకి కట్టుకుంటే చిన్నపిల్లాడిలా కనిపిస్తారు.

ఎవరైనా సరే ఎడమ పల్లవమే పైన ఉండాలి. కుడిది పైన వేసేది చనిపోయినవాళ్లకి. ఇక్కడివాళ్లు మొహమాటంతో పైకి చెప్పకపోవచ్చు గానీ చూసి బాధపడతారు. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే మీ కుడిచేతిని మెడ అంచు దగ్గర రొమ్ము మీదికి దూర్చి చూడండి, జేబులోకి వెళ్లినట్టు సులువుగా వెళ్లాలి. ఎదుటివాళ్లకి మీ మెడ దగ్గర ఇంగ్లీషు చిన్న వై అక్షరంలా కనిపించాలి. సెల్ఫీ కెమెరా చూసి నిర్ధారించుకోకండి, అది కుడి ఎడమల్ని తారుమారు చేస్తుంది. మా ఇంట్లో సరిగ్గా కట్టినదాన్ని ఒకసారి అలాగే విప్పించి తప్పుగా కట్టించాను, స్టేషన్లో ఒక ముసలావిడ పక్కకి తీసుకెళ్లి సరిచేశారు. ఆవిడ పుణ్యమా అని ఆ రాత్రంతా నిశ్చింతగా తిరిగాం.

గెటా పట్టీ బొటనవేలి సందులో కోస్తుంది. రెండు రోజుల ముందు నుంచి ఇంట్లో వేసుకుని తిరగండి, బయల్దేరేముందే ఆ సందులో బ్యాండ్ ఎయిడ్ వేసేయండి. బొబ్బ వచ్చాక వేస్తే లాభం లేదు. వేళ్లతో పట్టీ గట్టిగా పట్టకుండా చిన్న చిన్న అడుగులు వేయండి. అంతగా ఇబ్బందైతే మామూలు శాండిల్స్ వేసుకోండి, తప్పేం లేదు.

3. ముందు దేవుడి దగ్గరికి

సాయంత్రం 5 లోపు చేరుకోండి. 7 దాటితే నడవడమే కష్టం. స్టేషన్లోనే బాత్రూమ్ పని ముగించుకోండి, తర్వాత ప్రతిచోటా పొడవాటి క్యూలే.

తోరీ అనే ద్వారం దగ్గర చిన్నగా తల వంచి, దారి మధ్యలో కాకుండా పక్కన నడవండి. మధ్య దారి దేవుడిది. నీళ్ల తొట్టి దగ్గర గరిటె కుడిచేత్తో తీసుకుని ఎడమచెయ్యి, తర్వాత చేయి మార్చి కుడిచెయ్యి కడగాలి. ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెకి నోరు పెట్టకూడదు, ఎంగిలి పట్టింపు మనకి కొత్తేం కాదు. కొన్ని గుళ్లలో ఇప్పుడు గరిటెలు తీసేసి వెదురు గొట్టంలోంచి నీళ్లు వదులుతున్నారు, అక్కడ చేతులు కడుక్కుంటే చాలు. హుండీలో నాణెం వేసి రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, దండం పెట్టుకుని, మళ్లీ ఒకసారి వంగాలి. 5 యెన్ల నాణెం వేయడం ఇక్కడివాళ్లకి ఇష్టం. ఐదు యెన్లని గోఎన్ అంటారు, అనుబంధానికి కూడా అదే మాట.

4. పల్లకీ, రథం వచ్చినప్పుడు

దేవుడు కూర్చునే పల్లకీని మికోషి అంటారు. వాస్షోయ్, వాస్షోయ్ అని అరుస్తూ మోస్తారు, కావాలనే కుదుపుతారు. దారికి అడ్డం నిలబడొద్దు, ముట్టుకోవద్దు, మేడ మీద నుంచి కిందికి చూస్తూ ఫొటో తీయొద్దు. దేవుణ్ణి పైనుంచి చూడటం మర్యాద కాదని చాలాచోట్ల అనుకుంటారు.

గియోన్‌లో అందరూ చేసే పెద్ద పొరపాటు ఇక్కడే చెప్పాలి. 17 ఉదయం రథాలు చూసి పండుగ అయిపోయిందనుకుని మధ్యాహ్నానికి రైలెక్కేస్తారు. నిజానికి ఆ రథాలు వెళ్లేది దారి శుద్ధి చేయడానికి. దేవుడు బయల్దేరేది ఆ సాయంత్రం. మూడు మికోషిలు యసాకా గుడి నుంచి బయల్దేరి షిజో వీధిలో ఉన్న తాత్కాలిక విడిదికి చేరతాయి, 24 రాత్రి దాకా అక్కడే ఉండి తిరిగి గుడికి వెళ్తాయి. ఒక్కసారైనా ఆ సాయంత్రం ఉండండి. వందలమంది మగవాళ్లు ఒకే గొంతుతో హోయిత్తో, హోయిత్తో అంటూ ఆ బరువుని తలల పైకి ఎత్తుతుంటే, భాష రాకపోయినా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

రథాలు చూసేటప్పుడు నేరుగా వెళ్లే చోటు కాకుండా షిజో, కవరామాచి వీధులు కలిసే మూల ఎంచుకోండి. ఆ రథాల చక్రాలు పక్కకి తిరగవు. పచ్చి వెదురు బద్దలు చక్రాల కింద పరిచి, నీళ్లు చల్లి, పక్కకి తాళ్లతో లాగి జార్చి తిప్పుతారు. మూడు నాలుగు విడతల్లో తిరుగుతుంది. ముందు వరస కావాలంటే బాగా ముందే చేరాలి.

రథాల దగ్గర చిమాకి అమ్ముతారు. ఆకులో చుట్టిన పొట్లంలా ఉంటుంది, తినేదనుకుని విప్పకండి. అది ఏడాదంతా గుమ్మానికి వేలాడదీసే రక్ష, మనం గుమ్మానికి కట్టుకునే నిమ్మకాయ, మిరపకాయల్లాంటిది. తినే చిమాకి వేరే ఉంది, అది మిఠాయి దుకాణంలో దొరుకుతుంది.

5. తిండి

ఎక్కువ ప్రశ్నలు దీని మీదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ముందు ఒక హెచ్చరిక. బెజిటేరియన్ అన్న మాట ఇక్కడ తెలుసు గానీ మనం అనుకునే అర్థంలో కాదు. మాంసం ముక్క కనిపించకపోతే శాకాహారమే అనుకుంటారు. ఎండబెట్టిన బోనిటో చేపతోనో సముద్రపు నాచుతోనో కాచే దాషి అనే రసం పిండిలో, సాస్‌లో, అన్నింటిలో ఉంటుంది. పైన చల్లే గులాబీ రంగు పలచటి పొరలు, వేడికి కదులుతూ ఉంటాయే, అవి కట్సుఓబుషి, అదే చేప.

గట్టి శాకాహారులు ఇవి వదిలేయండి: తకోయాకి (ఆక్టోపస్ ముక్క పెట్టి కాల్చే పిండి ఉండలు, ముక్క తీసేసినా పిండిలో దాషి ఉంటుంది), ఒకోనోమియాకి అనే క్యాబేజీ అట్టు, యాకిసోబా నూడుల్స్ (పంది మాంసంతో పెద్ద పెనం మీద ఒకేసారి వేయిస్తారు, మీ కోసం విడిగా చేయమంటే కుదరదు). ఫ్రెంచ్ ఫ్రైస్ చూసి ధైర్యపడకండి, చాలా కొట్లలో చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారు.

తినగలిగినవి కూడా తక్కువేం కాదు. జగబతా అంటే ఆవిరిపెట్టిన వేడి బంగాళాదుంప మీద వెన్న. కాల్చిన మొక్కజొన్న, సోయా సాస్ రాసి నిప్పుల మీద తిప్పుతారు, ఆ వాసన వీధి చివరికి వస్తుంది. పక్కనే అదే జాలీ మీద స్క్విడ్ కాలుస్తున్నారేమో ఒకసారి చూసుకోండి. కర్రకి గుచ్చిన చల్లటి దోసకాయ బాగుంటుంది గానీ నానబెట్టిన ఉప్పునీళ్లలో దాషి కలిపేవాళ్లుంటారు, అడగండి. (గియోన్ పండుగ నెలలో ఆ గుడి వాళ్లు దోసకాయ తినరు, అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం యసాకా గుడి చిహ్నంలా ఉంటుందని.) తీపిలో యాపిల్‌కి గాజులా పాకం పట్టిన రింగో అమె, చాక్లెట్ అరటిపండు, పీచుమిఠాయి. బేబీ కస్తెల్లా అనే చిన్న కేకుల్లో గుడ్డు ఉంటుంది.

అన్నింటికన్నా ముందు కకిగోరి. ఐసు గడ్డ చెక్కి రంగు సిరప్ పోసేదే, మన ఐస్ గోలా. దాని మీద తియ్యటి చిక్కటి పాలు పోయించుకోండి, రెన్న్యూ అంటే పోస్తారు. గబగబా తింటే నుదుటి మీద నొప్పి పట్టేస్తుంది, కాసేపు ఆగి తినండి.

మాంసాహారులకి తకోయాకి తప్పక తినాల్సిందే, అది ఒసాకా సొంతం. ఇవతల వరస కట్టిన కొట్టునే నమ్మండి, ముందే చేసి డబ్బాల్లో పేర్చి పెట్టినవి కొనకండి. లోపల నిప్పులా ఉంటుంది, కర్రతో సగానికి చీల్చి ఆవిరి పోనిచ్చి నోట్లో పెట్టుకోండి. గొడ్డు మాంసం తిననివాళ్లు గ్యూ అన్న శబ్దం వింటే ఆగండి. గ్యూనికు అంటే అదే, బుతానికు పంది, తోరినికు కోడి, ఎబి రొయ్య, ఇకా స్క్విడ్, తమాగో గుడ్డు. బంగాళాదుంప కట్లెట్‌లా కనిపించే కొరొక్కెలో కూడా కీమా ఉంటుంది.

అడగడానికి రెండు వాక్యాలు చాలు. "కట్సుఓబుషి నుకి దె ఒనెగాయ్‌షిమాసు" అంటే చేప పొరలు లేకుండా ఇవ్వండి అని. "దాషి వా హాయిత్తె ఇమాసు కా" అంటే దాషి ఉందా అని. హాయ్ అంటే ఉందని, దాన్ని ఇంగ్లీషు పలకరింపు అనుకుని తినేయకండి.

కొన్నది కొట్టు పక్కనే నిలబడి తినేసి, చెత్త ఆ కొట్టువాళ్లకే ఇస్తే తీసుకుంటారు. నడుస్తూ తింటే ఎవరి యుకాతా మీదో సాస్ పడుతుంది.

ఇక రామునె. ఇది మన గోలీ సోడానే! 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఆయన పేటెంట్ చేసిన గోలీ సీసా అటు జపాన్‌కీ ఇటు మన ఊళ్లకీ చేరింది. లెమనేడ్ అన్న మాటే ఇక్కడివాళ్ల నోట్లో రామునె అయింది. మూత మీద ప్లాస్టిక్ ముక్కలో మధ్యలో ఉన్న మేకులాంటిదాన్ని విడదీయండి. సీసా బల్ల మీద గానీ గట్టి నేల మీద గానీ పెట్టి, ఆ మేకుని గోలీ మీద ఉంచి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కండి. గోలీ పడగానే చేయి తీయకండి, ఐదు పది సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి. వెంటనే తీస్తే సగం సోడా మీ బట్టల మీదే. తాగేటప్పుడు సీసా మెడలో రెండు చొట్టలుంటాయి, అవి కిందివైపు ఉండేలా వంచితే గోలీ వాటిలో చిక్కుకుని అడ్డం రాదు.

6. పిల్లల ఆటలు

బంగారు చేపలు పట్టే ఆట, కింగ్యో సుకుయ్, 300 నుంచి 500 యెన్లు. కాగితం అతికించిన చిన్న వలయం ఇస్తారు, దాన్ని పోయ్ అంటారు. కాగితం ఒక మూలే తడిస్తే తడిసినచోటికీ పొడిచోటికీ మధ్య చిరుగుతుంది, అందుకే మొదటే మొత్తం ఒకేసారి తడపండి. నీళ్లలోకి నిట్టనిలువునా కాకుండా ఏటవాలుగా దింపండి, పైకి తేలుతున్న చిన్న చేపని తల వైపు నుంచి, వలయం అంచు దగ్గర ఎత్తి గిన్నెలోకి జార్చండి. నల్లటి పెద్ద చేపల జోలికి వెళ్తే మొదటి ప్రయత్నంలోనే చిరుగుతుంది. ఇది తమాషా ఆటే అనుకోకండి, నారా దగ్గర యమాతో కోరియామాలో ఏటా ఆగస్టులో జాతీయ పోటీలే జరుగుతాయి.

తొట్టి లేకపోతే చేపని ఇంటికి తేవద్దు. "కాయెషిమాసు" అంటే తిరిగి ఇచ్చేస్తానని, సంతోషంగా తీసుకుంటారు. తెచ్చుకుంటే కుళాయి నీళ్లు ఒకరోజు నిలవ ఉంచినవే వాడండి, సంచిని అలాగే ఆ నీళ్లలో అరగంట తేల్చి తర్వాత వదలండి.

7. డాన్సు

బోన్ ఒదోరి ఆగస్టులో, పితృదేవతలు ఇంటికొస్తారనుకునే ఒబోన్ రోజుల చుట్టూ జరుగుతుంది, చాలా ప్రాంతాల్లో 13 నుంచి 16. మధ్యలో మంచె, దాని మీద డప్పు, చుట్టూ వలయంగా నాట్యం. బతుకమ్మ ఆడినవాళ్లకి అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది. లోపలి వలయంలో ఒకే రకం యుకాతా కట్టుకున్న పెద్దవాళ్లు ఉంటారు, వాళ్ల వెనక నిలబడి చేతులు చూస్తూ అనుకరించండి. ఎక్కడైనా వినిపించేది తాంకోబుషి, బొగ్గు గని కార్మికుల పాట. తవ్వు తవ్వు, భుజాన వేసుకో, చేయి నుదుటికి పెట్టి వెనక్కి చూడు, బండి నెట్టు నెట్టు, చేతులు చాపు, చప్పట్లు. ఇంతే. ఎవరినీ అడగక్కర్లేదు, వలయంలో ఖాళీ కనిపిస్తే దూరిపోవడమే.

8. బాణసంచా, తిరుగు ప్రయాణం

కూర్చునే చోటు కోసం మధ్యాహ్నం నుంచే షీట్లు పరుస్తారు. పరిచి వదిలేసి వెళ్లకూడదు, ఒకరు ఉండాలి. పెద్ద బాణసంచా రాత్రి ఫోన్ సిగ్నల్ పనిచేయదు, తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.

వంతెనల మీద ఆగి చూడొద్దు. 2001 జులైలో ఆకాషిలో బాణసంచా రోజు స్టేషన్‌కి వెళ్లే పాదచారుల వంతెన మీద తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు, ఎక్కువమంది చిన్నపిల్లలే. ఇప్పుడు పోలీసులు ఒకవైపే నడవమంటే, దూరమైనా సరే, అలాగే నడవండి. ఆఖరి బాణసంచా కంటే 15 నిమిషాల ముందే బయల్దేరండి. లేదంటే కదలకుండా 40 నిమిషాలు అక్కడే కూర్చోండి. మధ్యలో లేచినవాళ్లే ఇరుక్కుపోతారు. ఇంకో స్టేషన్ దాకా నడవడం చాలాసార్లు తొందరగా అయిపోతుంది.

9. ఇంటికొచ్చాక, గుంత పొంగనాల పెనం మీద తకోయాకి

శాకాహారుల ఇళ్లలో ఇది చేసి చూడండి. మనింట్లో ఉన్న పొంగనాల పెనం దీనికి చక్కగా సరిపోతుంది. అల్యూమినియం పెనం ఇక్కడి ఐహెచ్ (ఇండక్షన్) స్టవ్ మీద వేడెక్కదు, బల్ల మీద పెట్టుకునే కాసెట్ గ్యాస్ స్టవ్ వాడండి, కిటికీ తెరిచి పెట్టండి.

10 సెంటీమీటర్ల కొంబు నాచు, రెండు ఎండు షిటాకె పుట్టగొడుగులు అర లీటరు నీళ్లలో రాత్రంతా నానబెడితే చేప లేని దాషి సిద్ధం. దాంట్లోంచి 350 మిల్లీలీటర్లు, మైదా 100 గ్రాములు, గుడ్డు ఒకటి, సోయా సాస్ ఒక చెంచా. గుడ్డు వద్దంటే రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ వేయండి, కాస్త మెత్తగా వస్తుంది కానీ బాగుంటుంది. ఆక్టోపస్ బదులు ఎరింగి పుట్టగొడుగు ముక్కలు, నమలడానికి అలాగే సాగుతాయి. ఉల్లికాడలు, ఎర్ర అల్లం. పిండి వేపుడు పలుకులు వేస్తారే, కొనే వాటిలో రొయ్య రుచి కలిపి ఉంటుంది, వాటి బదులు కారం లేని బూందీ వేయండి.

పెనం పొగలు వచ్చేంత వేడి చేసి, గుంతల్లోనే కాదు మధ్య చదును మీద కూడా నూనె రాయండి. గుంతలు నిండి కాస్త పొర్లేలా పిండి పోసి ముక్కలు వేయండి. రెండు నిమిషాలకి అంచు గట్టిపడ్డాక పుల్లతో పావు వంతు తిప్పి, బయటికి పొర్లిన పిండిని లోపలికి నెట్టి, ఖాళీలో ఇంకొంచెం పిండి పోసి మళ్లీ తిప్పండి. మన గుంతలు లోతు తక్కువ కాబట్టి ఈ రెండోసారి పోయడం మానితే ఉండ కాకుండా చిప్పలా వస్తుంది.

పిండి దోసెల పిండిలా చిక్కగా కలిపితే పొంగనాలే వస్తాయి, తకోయాకి రాదు. పలచటి మజ్జిగలా ఉండాలి. అతుక్కుంటోందంటే తొందరపడి తిప్పారు, లేదా మంట తగ్గించారు. పుల్లతో తాకగానే దానంతటదే గిర్రున తిరిగితే అయినట్టు, మొత్తం 8 నుంచి 10 నిమిషాలు. బయట కరకర, లోపల జావలా ఉండాలి, లోపల పచ్చిగా ఉందని అనుమానపడి ఇంకా కాల్చొద్దు. సీసా సాస్‌లో చేప, మాంసం సారం ఉండొచ్చు, కాబట్టి కెచప్ రెండు చెంచాలు, సోయా సాస్ ఒకటి, పంచదార చిటికెడు, నిమ్మరసం నాలుగు చుక్కలు కలిపి రాయండి. కిందటి వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు పండుగలో ఆ వాసన చూసి ఊరుకుంది, మర్నాడు ఇంట్లో ఇవి చేస్తే మొదటి వాయి మొత్తం ఆవిడే తినేసి, రెండో వాయికి పిండిలో పచ్చిమిర్చి, జీలకర్ర వేయమంది. అలా కూడా చాలా బాగున్నాయి.